వైపర్ బుష్ ఒక్కటే మార్చుకోవచ్చా, మొత్తం సెట్టు మార్చాలా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగినవారు చీపురుపల్లి దగ్గర ఉంటారు, బండి 2009 మోడల్ ఆల్టో. వాన పడినప్పుడు కుడి వైపర్ అద్దం అంచు దాటి పక్క స్తంభానికి కొట్టుకుంటోంది. ఎడమది సగం దాకా వచ్చి బద్ధకంగా వెనక్కి పోతోంది. బ్లేడు తిరిగి మళ్లిన ప్రతిసారీ డాష్‌బోర్డు వెనుక నుంచి టక్కుమని శబ్దం వస్తోంది. ఒక గ్యారేజీలో మోటారుతో సహా మొత్తం సెట్టు మార్చాలన్నారు, తెలిసినవారొకరు బుష్ వేస్తే చాలన్నారు. ఎవరి మాట వినాలి, ఇంట్లోనే చేసుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు రాసిన లక్షణాలను బట్టి మోటారు బాగానే ఉంది, అరిగింది లింకు రాడ్డు (మోటారు కదలికను వైపర్లకు చేర్చే కడ్డీ) చివర ఉండే ప్లాస్టిక్ బుష్. దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు, పానాలు పట్టడం అలవాటున్నవారు ఒక పూటలో ఇంట్లో చేసుకోవచ్చు. కానీ బుష్ వేసే ముందు రెండు స్పిండిళ్లూ, అంటే వైపర్ చేతులు బిగించి ఉండే ఇరుసులు, వేలితో తిప్పితే తిరుగుతున్నాయో లేదో చూడండి. అది చూడకుండా వేసిన కొత్త బుష్ వచ్చే వానాకాలం దాకా నిలవదు. నేను రాసేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

నేను సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకుని, తరవాత విజయనగరంలో ఆటో ఎలక్ట్రికల్ పనిలో స్థిరపడ్డవాణ్ణి. వైపర్ ఫిర్యాదుతో వచ్చే పాత బండ్లలో మోటారు నిజంగా పోయినవి తక్కువ. లింకేజిలో, అంటే ఈ రాడ్లూ కీళ్లూ కలిసిన అమరికలో వదులు, లేదంటే స్పిండిల్ బిగుసుకుపోవడం, ఈ రెండే ఎక్కువగా చూస్తాను. అయినా మోటారే ఎందుకు మారుస్తారంటే, అది మార్చడం సులువు. నాలుగు బోల్టులు, ఒక కనెక్టరు. లింకేజి బయటికి తీయాలంటే అద్దం కింద తొట్టిలో చెయ్యి పెట్టి గీసుకోవాలి.

మోటారు పోయిందో లేదో మీరే తేల్చుకోవచ్చు. అద్దం మీద నీళ్లు పోసి, వైపర్ వేసి, బానెట్ ఎత్తి చెవి పెట్టండి. మోటారు ఒకే తీరున గుర్రుమంటూ తిరుగుతూ, బ్లేడు మాత్రం తడబడుతుంటే తప్పు లింకేజిది. మోటారు శబ్దమే మూలుగులా కుంగి, బ్లేడ్లు రెండూ కలిసి నెమ్మదిస్తుంటే లింకేజి బరువెక్కింది, లేదా ఎర్త్ వైరు సరిగా లేదు. అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజు, స్విచ్చి, రిలే, మోటారు, ఆ వరుసలో చూడాలి. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ బ్లేడ్లు రెండూ కదలకపోతే మోటారు ఇరుసుకు బిగించి ఉండే చిన్న చేయి, అంటే క్రాంకు, దాని కీలు ఊడి ఉంటుంది, లేదా క్రాంకు నట్టు వదులై ఉంటుంది. మోటారు లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగినా ఇలాగే ఉంటుంది, కాబట్టి క్రాంకు తిరుగుతోందో లేదో కంటితో చూసి తేల్చాలి. ఒక బ్లేడు మాత్రమే చచ్చుబడితే, ఆ బ్లేడుకు పోయే రాడ్డు చివర చూడాలి.

ఇంకో పరీక్ష ఉంది, ఇది ఆపి ఉన్న బండికే. తాళం చెవి తీసేసి, ఆర్మ్ (బ్లేడును మోసే లోహపు చేయి) మధ్యలో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదపండి. కొంచెం కదలిక ఏ బండికైనా ఉంటుంది. బ్లేడు కొన దగ్గర నాలుగు వేళ్ల మందాన తేలిగ్గా ఊగుతుంటే బుష్ పని అయిపోయినట్టే. ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి. స్పిండిల్ కింద ఉండే లివర్ పొడవు ఐదు సెంటీమీటర్లు, స్పిండిల్ నుంచి బ్లేడు కొనకు దూరం అరవై సెంటీమీటర్లు అనుకోండి. అంటే బుష్‌లో ఒక మిల్లీమీటరు వదులు ఉంటే కొన దగ్గర అది పన్నెండు మిల్లీమీటర్లవుతుంది. రెండు మూడు కీళ్లలో ఆ మాత్రం వదులు చేరితే బ్లేడు స్తంభానికి కొట్టుకోవడంలో వింతేమీ లేదు. వేగం పెంచినప్పుడు ఎక్కువగా కొట్టుకోవడానికి కారణం, బ్లేడు తన ఊపుతో ఆ వదులునంతా వాడేసుకుంటుంది.

బుష్ గురించి కూడా ఒక మాట. మోటారు గుండ్రంగా తిరుగుతుంది, బ్లేడు మాత్రం అటూ ఇటూ ఊగాలి. ఆ మార్పు చేసేవి క్రాంకు, లింకు రాడ్లు. రాడ్డు చివర చిన్న గిన్నెలాంటి నైలాన్ బుష్ ఉంటుంది, అందులో లివర్ మీది ఉక్కు గుండు నొక్కి కూర్చుంటుంది. దాన్నే మనం బాల్ అంటాం. స్పిండిళ్లు అద్దం వాలుకు తగ్గట్టు కొంచెం ఒరిగి ఉంటాయి కాబట్టి ఆ కీలు తిరగడమే కాదు, కాస్త పక్కకు ఒరగడం కూడా కావాలి. అందుకే అక్కడ పిన్ను కాకుండా బాల్ పెట్టారు. ఇది గుర్తుంచుకోండి, నాటు పద్ధతుల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

నైలాన్ ఎందుకు అరుగుతుంది? తక్కువ వేగంలో నిమిషానికి నలభై ఊపులు అనుకున్నా గంట వానకు 2400 ఊపులు, ప్రతి ఊపులో రెండుసార్లు దిశ మార్పు. దిశ మారిన ప్రతిసారీ బుష్ మీద దెబ్బ పడుతుంది. కింద ఇంజిన్ వేడి, పైన మే నెల ఎండ. గ్రీజు ఎండిపోతుంది, దుమ్ము చేరుతుంది, బాల్ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన బాల్ గరుకు కాగితంలా పనిచేసి గిన్నెను లోపలి నుంచి తినేస్తుంది.

మన జిల్లాల్లో దీనికి ఇంకో రెండు తోడవుతాయి. ఒకటి ఉప్పు గాలి. భోగాపురం, పూసపాటిరేగ వైపు గానీ, కళింగపట్నం, బారువ వైపు గానీ సముద్రానికి దగ్గరగా ఉండే బండ్లను చూస్తే లోపలి ఊళ్ల బండ్లకు వీటికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. రెండోది ఆకులు. అద్దం కింద నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది కదా, దాని కింద తొట్టి, తొట్టికి రెండు పక్కలా నీరు పోయే కన్నాలు. చింత చెట్టు కింద బండి నిలిపితే ఆ చిన్న ఆకులు జాలీలోంచి దూరి తొట్టిలో పేరుకుపోతాయి. ఉద్దానం వైపు జీడి పూత, కొబ్బరి పీచు అదే పని చేస్తాయి. కన్నాలు మూసుకుంటే లింకేజి వాననీటిలో నానుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరవాత ఆ వైపు నుంచి నా దగ్గరకు వచ్చిన కొన్ని బండ్లలో తొట్టి నిండా కుళ్లిన ఆకు, మట్టి. వైపర్ సంగతి అలా ఉంచి, బ్లోయర్ లోంచి లోపలికి నీళ్లు కారుతున్నాయని తెచ్చారు.

ఇక అసలు సంగతి, స్పిండిల్. ఆర్మ్ బిగించే ఇరుసు అది. చాలా బండ్లలో ఉక్కు ఇరుసు, దాని చుట్టూ అల్యూమినియం జాతి లోహపు గొట్టం. వాటి మధ్య గ్రీజు పలచగా ఉన్నంత కాలం హాయిగా తిరుగుతుంది. గ్రీజు గట్టిపడి, మీది రబ్బరు రింగు చీలి నీరు దిగితే, ఆ రెండు లోహాల మధ్య తెల్లటి పొడి పుట్టి ఇరుసును పట్టేస్తుంది. ఉప్పు తేమ ఉంటే ఇది మరీ వేగంగా జరుగుతుంది. మోటారుకు లోపల వర్మ్ గేరు (వేగం తగ్గించి బలం పెంచే మరలాంటి గేరు) ఉంటుంది కాబట్టి అది తేలిగ్గా ఆగదు, లాగుతూనే ఉంటుంది. ఆ బలమంతా మధ్యలో ఉన్న మెత్తటి భాగం మీద పడుతుంది. మెత్తటి భాగమంటే బుష్. చీలిపోతుంది, లేదా బాల్ మీంచి ఊడిపోతుంది. చీలిన బుష్ కనిపిస్తుంది, దాన్ని చీల్చిన స్పిండిల్ కనిపించదు.

పాలకొండ వైపు నుంచి ఒక ఉపాధ్యాయుడు పాత వ్యాను తెచ్చేవారు. ఏటా జూన్, జూలైలలో అదే బుష్ చీలేది, ఎక్కడో ఒకచోట కొత్తది వేయించుకునేవారు. నా దగ్గరకు వచ్చినప్పుడు రాడ్డు విప్పి ఎడమ స్పిండిల్‌ను చేత్తో తిప్పబోతే కదల్లేదు. ప్లయరుతో పట్టి తిప్పాల్సి వచ్చింది. ఇరుసు బయటికి తీసి, కిరోసిన్‌లో కడిగి, సన్న గరుకు కాగితం పట్టించి, గ్రీజు పెట్టి ఎక్కించాం. బుష్ మామూలు డూప్లికేట్ బుషే వేశాం. తరవాత ఆ బండి వేరే పనులకు వచ్చింది గానీ ఆ పనికి రాలేదు.

ఇప్పుడు పని చేసే తీరు. మీ బండి లాంటి పాత చిన్న కార్లలో చాలావాటికి మోటారు ఇంజిన్ వైపు గోడకు, రాడ్లు అద్దం కింది తొట్టిలో ఉంటాయి. మోడల్‌ను బట్టి నట్ల సైజు మారుతుంది, 10, 12, 13, 14 పానాలు దగ్గర పెట్టుకోండి. ఇంకా కావలసినవి: రెండు మంచి స్క్రూ డ్రైవర్లు, సర్‌క్లిప్ (ఇరుసు జారకుండా పట్టే స్ప్రింగు రింగు) తీసే ప్లయరు, తుప్పు వదిలించే స్ప్రే, గ్రీజు, మందపాటి తువ్వాలు, అద్దం మీద గుర్తు పెట్టడానికి కాగితపు టేపు.

మొదట వైపర్ వేసి, స్విచ్చితోనే ఆపండి. తాళం చెవి తిప్పి సగంలో ఆపకూడదు. స్విచ్చితో ఆపితే మోటారు తనంతట తాను విశ్రాంతి స్థానానికి వచ్చి ఆగుతుంది, మోటారు లోపల దానికోసం వేరే పలక, కాంటాక్టులు ఉంటాయి. అలా ఆగాక బ్లేడ్లు ఎక్కడ ఉన్నాయో అద్దం మీద టేపు అంటించి గుర్తు పెట్టండి. ఈ రెండు నిమిషాల పని చేయని వాళ్లు బిగించాక గంటసేపు తంటాలు పడతారు. మీ బండిలో వదులు వల్ల బ్లేడ్లు ఇప్పటికే జారి ఉండవచ్చు కాబట్టి ఆ గుర్తును కొంచెం సర్దుకోవాల్సి రావచ్చు, అంతే.

తరవాత బ్యాటరీ నెగెటివ్ విప్పండి, దీనికి మినహాయింపు లేదు. లింకేజి మధ్య చెయ్యి ఉండగా మోటారు తిరిగితే వేలు పోతుంది. వర్మ్ గేరు బలం కంటికి కనిపించదు. ఆగి ఆగి తుడిచే స్థానంలో స్విచ్చి ఉంటే, ఆగిపోయిందని మనం అనుకున్న క్షణానికి అది కదులుతుంది. పక్కన పిల్లలు ఉంటే, తాళం చెవి మీ జేబులో ఉండాలి.

ఆర్మ్ నట్టు మీద చిన్న మూత ఉంటుంది, దాన్ని తీసి నట్టు విప్పండి. నట్టు వచ్చినా ఆర్మ్ రాదు, ఏళ్ల తుప్పు పళ్లలో పట్టి ఉంటుంది. స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. ఆర్మ్ మొదట్లో పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ పైకి లాగండి. రాకపోతే బ్యాటరీ టెర్మినల్ లాగే చిన్న పుల్లర్ దీనికి చక్కగా పనికొస్తుంది. స్పిండిల్ నెత్తిన సుత్తితో కొట్టవద్దు, మర చెడుతుంది, లోపల సర్‌క్లిప్ విరుగుతుంది. అద్దాన్ని ఆనుకుని స్క్రూ డ్రైవర్‌తో ఎత్తవద్దు. అద్దం మీద తువ్వాలు పరచడం మరవకండి, బ్లేడు లేని ఆర్మ్ స్ప్రింగు బలంతో అద్దం మీద పడితే పగులు ఖాయం.

జాలీ క్లిప్పులు పాత బండ్లలో ఎండకు పెళుసెక్కి ఉంటాయి, రెండు మూడు విరుగుతాయి. ముందే కొన్ని కొని ఉంచుకోండి. జాలీ తీయగానే ఆకు, మట్టి అంతా శుభ్రం చేసి, రెండు కన్నాల్లోనూ నీళ్లు పోసి కిందికి దిగుతున్నాయో లేదో చూడండి. బుష్ సంగతి ఎలా ఉన్నా ఈ పని మాత్రం తప్పకుండా చేయండి.

రాడ్డును బాల్ మీంచి తీసేటప్పుడు స్క్రూ డ్రైవర్లు రెండు వైపులా పెట్టి సమానంగా పైకి ఎత్తాలి. ఒక వైపు నుంచే ఎత్తితే లివర్ వంగుతుంది. ఈ దశలో, రాడ్డు విడిపోయాక, స్పిండిల్‌ను వేలితో తిప్పి చూడండి. మెత్తగా తిరగాలి. గరగరమన్నా, బిగుసుగా ఉన్నా విప్పాల్సిందే. పైన సర్‌క్లిప్, వాషర్లు, రబ్బరు రింగు ఏ వరుసలో ఉన్నాయో ఫోనులో ఫొటో తీసుకుని ఇరుసు కిందికి లాగండి. కిరోసిన్‌తో కడగండి, తెల్లపొడి పోయేదాకా రుద్దండి, గొట్టం లోపల కూడా. గ్రీజు పట్టించి, రబ్బరు రింగు కొత్తది వేసి ఎక్కించండి. పైకీ కిందికీ స్వల్పంగా కదిలితే తప్పు లేదు, పక్కలకు ఊగితే మాత్రం గొట్టం అరిగింది, ఆ స్పిండిల్ మార్చాలి.

ఇప్పుడు బాల్ చూడండి. తుడిచి, వేలితో తడమండి. పైపై తుప్పు అయితే 400 నంబరు, తరవాత 800 నంబరు గరుకు కాగితంతో మెరిసేలా రుద్దితే సరిపోతుంది. గుంటలు పడితే, లేదా వెర్నియర్ కొలత పరికరంతో రెండు దిశల్లో కొలిస్తే అర మిల్లీమీటరు పైగా తేడా వస్తే బుష్ వేసి లాభం లేదు, ఆ లివర్ ఉన్న భాగమే మార్చాలి. మీకు ‘మొత్తం సెట్టు’ సలహా ఇచ్చినవారు బాల్ చూసి ఆ మాట చెప్పి ఉంటే వారిది తప్పు కాదు. బానెట్ కూడా ఎత్తకుండా చెప్పి ఉంటే మాత్రం మీరు అనుమానించడం సబబే.

పాత బుష్ రెండు రకాలుగా ఉంటుంది. కొన్నింటిలో రాడ్డు కన్నంలో నొక్కి కూర్చోబెట్టినది, దీన్ని పొడిచి తీసి కొత్తది నొక్కవచ్చు. కొన్నింటిలో రాడ్డు చివరనే ప్లాస్టిక్ పోతపోసి ఉంటుంది, అప్పుడు రాడ్డు మార్చుకోవడమే సరైన దారి. కొత్త బుష్‌ను మరిగించి దించిన నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచితే నైలాన్ మెత్తబడి, పగలకుండా కూర్చుంటుంది. గిన్నె లోపల కొద్దిగా లిథియం గ్రీజు రాయండి, అది మామూలు గ్రీజు దుకాణంలో దొరికేదే. కుక్కి నింపకండి, లోపల గ్రీజుకు చోటు లేక బాల్ పూర్తిగా దిగదు. తరవాత పెద్ద వాటర్ పంపు ప్లయరుతోనో, సాకెట్టు అడ్డం పెట్టి క్లాంపుతోనో నెమ్మదిగా నొక్కాలి. టక్కుమని కూర్చున్న శబ్దం చెవికి తెలుస్తుంది. ఈసారి ఆ శబ్దం మంచిదే. కూర్చున్నాక చేత్తో లాగితే ఊడకూడదు, తిప్పితే బిగుసుగా ఉన్నా తిరగాలి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే గిన్నె అంచు కంటికి కనిపించకుండా చీలుతుంది, ఆ చీలిక మొదటి పెద్ద వానలో బయటపడుతుంది.

ఒకటి అరిగితే మిగతావాటి వయసూ అంతే. దొరికితే అన్ని కీళ్ల బుష్‌లూ ఒకేసారి మార్చండి. విప్పడానికి పట్టే శ్రమతో పోలిస్తే వాటి ఖరీదు లెక్కలోది కాదు. మోటారు ఇరుసు మీది క్రాంకు నట్టును మాత్రం అవసరం లేకుండా విప్పకండి. విప్పాల్సి వస్తే క్రాంకుకూ ఇరుసుకూ కలిపి ఒక గీత గీసుకుని విప్పండి. ఒక పన్ను తేడాతో ఎక్కినా బ్లేడ్లు అద్దం మధ్యలో నిలబడతాయి.

బుష్ ఎక్కడ దొరుకుతుంది? ఇదే అసలు చిక్కు. చాలా కంపెనీలు బుష్‌ను విడిగా అమ్మవు, రాడ్డో మొత్తం లింకేజో కొనమంటాయి. అందుకే గ్యారేజీలో ఆ సలహా వస్తుంది, ప్రతిసారీ మోసం అనుకోనక్కర లేదు. విడి బుష్‌ల కోసం పాత సామాన్ల దుకాణాల్లో, విశాఖ ఆటోనగర్ లాంటి చోట్ల వెతకాలి. పాతది విరిగినా సరే ముక్కలు పారేయకుండా, రాడ్డుతో సహా పట్టుకెళ్లండి. బాల్ కొలత, రాడ్డు కన్నం కొలత రెండూ రాసుకెళ్లండి. వేరే మోడల్ బుష్ అయినా ఈ రెండు కొలతలూ కలిస్తే పనిచేస్తుంది. పాత బండి నుంచి తీసిన పూర్తి లింకేజి చవగ్గా దొరికితే తీసుకోవచ్చు, కానీ కొనే ముందు అక్కడే స్పిండిళ్లు తిప్పి చూడండి. బిగుసుకున్నది కొనుక్కుని వస్తే మళ్లీ మొదటికే వస్తారు.

నాటు పద్ధతుల గురించి అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. బైండింగ్ వైరుతో కట్టడం, ప్లాస్టిక్ టై బిగించడం, సైకిలు ట్యూబు ముక్క పెట్టడం, ఇవి ఇల్లు చేరడానికి పనికొస్తాయి, అంతకు మించి కాదు. వైరు ఊడి రాడ్డుకు అడ్డం పడితే మోటారు ఆగిపోతుంది, ఫ్యూజు ఎగురుతుంది. అప్పుడు ఇంకొకరు పెద్ద ఫ్యూజు వేస్తారు, వైరింగ్ కాలుతుంది. ఈ వరుసంతా నా షెడ్డులో చూసిందే.

బాల్ కోసేసి బోల్టు బిగించేవాళ్లూ ఉన్నారు. పైన చెప్పాను కదా, ఆ కీలు ఒరగాలి. బోల్టు ఒరగదు, రాడ్డు మెలితిరుగుతుంది, చివరికి లివర్ వంగుతుంది. లేత్ షాపులో ఇత్తడి బుష్ చేయించి వేయడం సాలూరులో మేము లారీలకు చేసేవాళ్లం, కానీ పిన్ను రకం కీళ్లకు మాత్రమే, అదీ తరచూ గ్రీజు పెట్టే డ్రైవర్లకు. సాలూరులో సొంత లారీలు ఉన్నవాళ్లు ఎక్కువ, సుంకి ఘాటు మీదుగా కోరాపుట్ వైపు తిరిగే బండ్లు, కాబట్టి వాళ్లు ఆ శ్రద్ధ పెట్టేవారు. కారు బాల్ కీలుకు ఇత్తడి గిన్నె పెడితే శబ్దం పోదు, బాల్ అరుగుతుంది, ఆ పైన దేనికీ పనికిరాదు.

ఘాటు మాట వచ్చింది కాబట్టి, వానలో దారి మధ్యన బుష్ ఊడితే ఏం చేయాలో కూడా రాస్తాను. ఊడింది పక్క సీటు వైపుదైతే ఆ ఆర్మ్ పూర్తిగా తీసి డిక్కీలో వేయండి, రెండోదానికి అడ్డు పడకుండా ఉంటుంది, ఒక్క వైపర్‌తో నెమ్మదిగా దిగవచ్చు. ఊడింది డ్రైవరు వైపుదైతే పక్కకు ఆపడమే, వాన తగ్గేదాకా. రాడ్డు చేతికి అందితే బాల్ మీద నొక్కి, టైతో గట్టిగా చుట్టి, తక్కువ వేగంలోనే వాడండి. అలాంటి దారుల్లో తిరిగేవాళ్లు రెండు ప్లాస్టిక్ టైలు డాష్‌బోర్డులో పడేసుకోవడం మంచిది.

పని అయ్యాక ఆర్మ్‌లు ఎక్కించే ముందు బ్యాటరీ కలిపి, మోటారును ఒకసారి తిప్పి స్విచ్చితో ఆపండి. స్పిండిళ్లు విశ్రాంతి స్థానానికి వచ్చాక టేపు గుర్తు దగ్గర ఆర్మ్ పెట్టి బిగించండి. నట్టు బిగించేటప్పుడు ఆర్మ్‌ను చేత్తో పట్టుకోవాలి, లేకపోతే బలమంతా కొత్త బుష్ మీద పడుతుంది. అద్దం మీద నీళ్లు పోస్తూ ముందు తక్కువ వేగం, తరవాత ఎక్కువ వేగం. ఎక్కువ వేగంలో కూడా బ్లేడు కొనకూ స్తంభానికీ మధ్య ఒక వేలు సందు ఉండాలి. పొడి అద్దం మీద పరీక్షించకండి, బుష్‌కు అంతకన్నా కఠినమైన పని ఇంకోటి ఉండదు. ఎర్రమట్టి రోడ్డు మీద దుమ్ము పడగానే నీళ్లు చల్లకుండా వైపర్ వేసే అలవాటు ఉంటే మానుకోండి. అద్దం ఎక్కువ తుడుస్తుందని కంపెనీ కొలత కన్నా పొడవైన బ్లేడు వేసినవాళ్లు కూడా మళ్లీ పాత కొలతకు రావాలి.

మీది 2009 బండి కాబట్టి ఇంకొకటి. పదిహేనేళ్లకు ఆర్‌సీ పునరుద్ధరణ ఉంటుంది, బండిని తనిఖీకి చూపించాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 101వది వైపర్ గురించే. తనిఖీ ఇంకా చేయించకపోతే ఈ పని పూర్తి చేసుకుని వెళ్లండి. ఆగి ఆగి తిరిగే వైపర్‌తో వెళ్లి వెనక్కి రావడం ఎందుకు.

ఇవన్నీ చేశాక కూడా టక్ శబ్దం మిగిలితే, లింకేజిని బాడీకి పట్టి ఉంచే బోల్టుల కింది రబ్బరు వాషర్లు చూడండి, అవి చితికిపోయినా ఇదే శబ్దం వస్తుంది. అదీ కాకపోతే క్రాంకు నట్టు. రెండు మూడు వానల్లో తిరిగాక ఆర్మ్ నట్లు మరోసారి బిగించండి, కొత్తగా కూర్చున్న పళ్లు కొంచెం సర్దుకుని వదులవుతాయి. బాల్ కొలత తీశాక ఇక్కడే రాయండి, రాడ్డు చివర ఫొటో కూడా పెడితే బుష్ నొక్కి పెట్టే రకమో పోతపోసిన రకమో చూసి చెబుతాను.